గుండె స్కాన్‌ను కృత్రిమ మేధ చదవాలంటే, ముందు చేయి తిరిగిన టెక్నీషియన్ కావాలి

గుండె స్కాన్లను కృత్రిమ మేధకు అప్పగించవచ్చని వాదించేవారు ఎక్కువగా చూపే ఆధారం, లాస్ ఏంజెలిస్‌లోని సీడర్స్-సైనాయ్ ఆసుపత్రిలో జరిగి 2023లో ‘నేచర్’ పత్రికలో వెలువడిన అధ్యయనం. అందులో 3,495 ఎకో (అల్ట్రాసౌండ్‌తో గుండె వీడియో తీసే) పరీక్షలు తీసుకుని, గుండె ఒక్కో స్పందనకు ఎంత శాతం రక్తాన్ని బయటికి నెడుతోందన్న తొలి అంచనాను కొన్నింటిలో సాఫ్ట్‌వేర్‌తో, కొన్నింటిలో సోనోగ్రాఫర్లతో, అంటే ఎకో తీసే టెక్నీషియన్లతో వేయించారు. కార్డియాలజిస్టులు 5 శాతం పాయింట్లకు మించి సవరించాల్సి వచ్చినవి సాఫ్ట్‌వేర్ అంచనాల్లో 16.8 శాతం కాగా, సోనోగ్రాఫర్ల అంచనాల్లో 27.2 శాతం. ఈ ఫలితాన్ని నేను కాదనను. కానీ సాఫ్ట్‌వేర్ చదివిన ఆ వీడియోలను తీసింది శిక్షణ పొందిన సోనోగ్రాఫర్లేనన్న సంగతిని మాత్రం ఎవరూ ఎత్తడం లేదు.

టూడీ ఎకోలో అసలు ప్రమాదం మసక బొమ్మతో కాదు. మసకగా ఉంటే చూసేవారికి అనుమానమైనా వస్తుంది. ఛాతీమీద ఆనించే స్కానింగ్ పరికరమైన ప్రోబ్‌ను గుండె కొనకు సూటిగా కాక, పక్కటెముకల మధ్య ఒక సందు పైన ఆనించారనుకుందాం. ఒంటికి రక్తాన్ని పంపే గది అయిన ఎడమ జఠరిక ఉన్నదానికంటే పొట్టిగా, గుండ్రంగా కనిపిస్తుంది, అసలు కొన తెరమీదికే రాదు. బొమ్మ శుభ్రంగానే ఉంటుంది, కొలత మాత్రం తప్పుతుంది: జఠరిక పరిమాణం తక్కువగా, గుండె పనితీరు తరచుగా ఉన్నదానికంటే మెరుగ్గా లెక్కతేలుతుంది. గుండె లయ ప్రమాదకరంగా తప్పినప్పుడు షాక్‌తో సరిచేసే ఐసీడీ పరికరాన్ని ఛాతీలో అమర్చాలా వద్దా అన్న నిర్ణయంలో, గుండె నెట్టే రక్తం 35 శాతం లేదా అంతకు తక్కువా అన్నది కీలకమైన గీత కాబట్టి, 33ను 38గా చూపిన లెక్క ఒక మనిషి ప్రాణరక్షణనే దూరం చేయగలదు.

స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 10,030 వీడియోలతో రూపొందించి 2020లో ప్రకటించిన, ఇదే శాతాన్ని లెక్కగట్టే ఎకోనెట్-డైనమిక్ అనే సాఫ్ట్‌వేర్ సగటు పొరపాటు సొంత ఆసుపత్రి వీడియోలపై 4.1 పాయింట్లు, సీడర్స్-సైనాయ్ వీడియోలపై 6. రెండూ కాలిఫోర్నియాలోని పెద్ద ఆసుపత్రులే అయినా ఇంత తేడా వచ్చింది.

నాసిరకం బొమ్మలతో కూడా శిక్షణ ఇస్తే యంత్రం వాటికీ అలవాటుపడుతుందని కొందరంటారు. కొంతవరకు నిజమే, కానీ తెరమీదికి రాని గుండె గోడను యంత్రం ఊహించగలదే తప్ప చూడలేదు.

ఇదే సాంకేతికతను బొమ్మ తీసేచోట వాడితే ఏమవుతుందో 2021లో ‘జామా కార్డియాలజీ’ ప్రచురించిన అధ్యయనం చూపింది. అల్ట్రాసౌండ్ అనుభవం లేని 8 మంది నర్సులు, ప్రోబ్‌ను ఎటు జరపాలో చెప్పే సాఫ్ట్‌వేర్ సాయంతో 240 మందికి స్కాన్ చేస్తే, 98.8 శాతం మందిలో ఎడమ జఠరిక పరిమాణాన్ని, పనితీరును అంచనా వేయగల బొమ్మలు వచ్చాయి. కాబట్టి జిల్లా ఆసుపత్రులకు ఇలాంటి సాఫ్ట్‌వేర్ కొనే ఏ ప్రభుత్వమైనా, బొమ్మ సరిగా లేనప్పుడు అంకె చెప్పడానికి నిరాకరించే ఏర్పాటును టెండరులోనే షరతుగా పెట్టాలి, ఆ పద్దులోనే ఎకో టెక్నీషియన్ల నియామకానికీ శిక్షణకూ డబ్బు కేటాయించాలి.