స్టూడెంట్-అథ్లెట్ నడుమ కొలువైన అడ్డగీత గారికి

మహారాజశ్రీ అడ్డగీత గారి దివ్యసముఖమునకు,

ఉభయకుశలోపరి. అమెరికా కాలేజీ క్రీడల్లో ‘స్టూడెంట్’, ‘అథ్లెట్’ అనే రెండు మాటల మధ్య హైఫన్ రూపంలో తమరు వెలసి సుమారు డెబ్బై ఏళ్లవుతోంది. వెంట్రుకంత మందమైనా లేని తమరు, పడుకున్న చోటు నుంచి కదలకుండా వందల కోట్ల డాలర్ల వ్యాపారాన్ని మోసుకొస్తున్నారంటే, పనిచేయకుండా గడించే విద్యలో తమరిని మించినవారు లేరని ఒప్పుకోక తప్పదు.

తమరి జన్మవృత్తాంతం నాకు తెలియనిది కాదు. 1955లో కొలరాడోలోని ఒక చిన్న కాలేజీ తరఫున అమెరికన్ ఫుట్‌బాల్ ఆడుతూ రే డెన్నిసన్ అనే యువకుడు తలకు దెబ్బ తగిలి మరణించాడు. కార్మికుడికి ఇచ్చే నష్టపరిహారం ఇప్పించమని అతని భార్య అడిగితే, కాలేజీ ఫుట్‌బాల్ వ్యాపారం చేయడం లేదు కనుక అది కుదరదని 1957లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చింది. ఆటగాడిని ఉద్యోగిగా లెక్కగడతారేమోనన్న భయం, కాలేజీ క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ అనే సంస్థను పట్టుకున్న ఆ రోజుల్లోనే ‘స్టూడెంట్-అథ్లెట్’ అనే మాటను తాము కల్పించామని, సంస్థకు దశాబ్దాల పాటు సారథ్యం వహించిన వాల్టర్ బయ్యర్స్ తర్వాత తానే రాసుకున్నారు. అడ్డగీత అన్న పేరు తమరికి ఊరికే రాలేదు. పరిహారం అర్జీలకు అడ్డంగా పడుకోవడానికే తమరు పుట్టారు.

తమరి పాలనలో నిబంధనల నిష్ఠ చూసి మడి కట్టుకున్న మా బామ్మ కూడా బిత్తరపోయేది. ఆటగాడికి చిరుతిండిగా బేగెల్ (నడుమ చిల్లున్న రొట్టె, మన గారెకు దూరపు చుట్టమనుకోండి) పెట్టవచ్చునట, దాని మీద క్రీమ్ చీజ్ రాస్తే మాత్రం అది భోజనమై నిబంధన తప్పినట్టట. ఇడ్లీ ధర్మం, చట్నీ అధర్మం అన్నమాట! 2014లో కనెక్టికట్ జట్టును బాస్కెట్‌బాల్ విజేతగా నిలిపిన షబాజ్ నేపియర్, తాను ఆకలితో పడుకున్న రాత్రులున్నాయని చెప్పాడు. ఆ టోర్నమెంటు టీవీ హక్కులేమో 14 ఏళ్లకు 1,080 కోట్ల డాలర్లకు అప్పటికే అమ్ముడుపోయి ఉన్నాయి. అతని మాట పత్రికలకెక్కిన కొద్ది రోజులకే భోజనాల మీద పరిమితి ఎత్తేశారు; చట్నీకి మోక్షం కలిగింది.

స్కాలర్‌షిప్ ఇస్తున్నాం కదా, ఇంకేం కావాలని తమరి భక్తులు అడుగుతారు. అప్పుచేసి పిల్లల్ని అమెరికాలో ఎమ్మెస్ చదివించే మా తెలుగు ఇళ్లలో ఫీజు మాఫీ విలువ తెలియనివారెవరు? అది చిన్న మేలు కాదు. ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ ఆదాయంతోనే ఈత, కుస్తీ వంటి ఆటలు నడుస్తున్నాయన్నదీ చాలా కాలేజీల్లో నిజమే. కాని ఈ పొదుపు లెక్క కోచ్‌గారి జీతం నిర్ణయించే రోజున ఎవరికీ గుర్తు రాదెందుకు? చాలా రాష్ట్రాల్లో ప్రభుత్వోద్యోగులందరిలోకీ పెద్ద జీతం గవర్నరుది కాదు, కోచ్‌ది. ఆయన పేరు నడుమ అడ్డగీత లేకపోవడమే కాబోలు కారణం.

ఈ మధ్య తమరికి రోజులు బాగాలేవని వింటున్నాను. 2021 జూన్‌లో, ఆటగాళ్లకు ఇచ్చే చదువు సంబంధ ప్రయోజనాల మీద ఎన్‌సీఏఏ పెట్టిన పరిమితులను సవాలు చేసిన ఆల్‌స్టన్ కేసులో తొమ్మిదిమంది సుప్రీంకోర్టు న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా ఎన్‌సీఏఏను కాదన్నారు. మరుసటి నెల ఒకటో తేదీ నుంచి ఆటగాళ్లు తమ పేరు, రూపం అమ్ముకొని సంపాదించుకునే వీలు కలిగింది. ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద వచ్చిన విదేశీ ఆటగాళ్లు మాత్రం ఆ విందును గుమ్మం బయట నిలబడి చూడవలసివస్తోంది. వారానికి 20 గంటల పని పరిమితి తెలిసిన మా పిల్లలకు ఈ నిలబడటం కొత్తకాదు. 2025 జూన్‌లో, ఆటగాళ్లు ఎన్‌సీఏఏ మీద వేసిన దావాలో కుదిరిన ‘హౌస్’ ఒప్పందాన్ని కోర్టు ఆమోదించాక, అందులో చేరిన కాలేజీ ఒక్కొక్కటీ మొదటి ఏడాది సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్ల దాకా ఆటగాళ్లకు నేరుగా పంచవచ్చు.

అయినా తమరు చలించలేదు. డబ్బు చేతికొచ్చింది కాని, ఆటగాడు ఉద్యోగి అని ఆ ఒప్పందంలో ఎక్కడా రాయలేదు. రేపు మరొక కుర్రాడు తలకు దెబ్బ తగిలి మైదానంలో కూలిపోయి, మరొక భార్య అర్జీ పట్టుకొని వస్తే, 1955లో పడుకున్న దారిలోనే తమరు పడుకొని ఉంటారు. ఆవిడ దాటి వెళ్లేటంత మేరకు కాస్త పక్కకు జరగవలసిందిగా మనవి.

చిత్తగించవలెను.

ఇట్లు,
టికెట్టుకు డబ్బిచ్చి ఆట చూసే ఒక ప్రేక్షకుడు