తేటమాట సరే, ఆధారం మాటేమిటి?

కృష్ణబిలం మొదలుకొని కీళ్లనొప్పి వరకు ఏ సందేహం కలిగినా వెంటనే ఫోన్ తీసి ఒక వీడియో వెతుక్కోవడం లోకమంతటా అలవాటైంది. విశ్వవిద్యాలయాల్లోనూ పరిశోధనాలయాల్లోనూ పరిభాష చాటున ఉండిపోయిన జ్ఞానాన్ని సామాన్యుల భాషలోకి దించి, వినాలనిపించేలా చెబుతున్నవారిలో ఆన్‌లైన్ విజ్ఞాన ప్రచారకులు ముందున్నారు. ఆ మేలును కాదనలేం. అయితే స్వయంగా ప్రయోగం చేసిన శాస్త్రవేత్త, పరిశోధన పత్రాలు చదివి వివరించే విలేఖరి, ఎక్కడో విన్నదానికి బొమ్మలు జోడించి వదిలే వ్యక్తి ముగ్గురూ ఒకే తెర మీద, ఒకే ధీమాతో కనిపిస్తున్నారు. వారిలో ఎవరిని నమ్మాలన్నది చెప్పేవారి చదువును, చెప్పే తీరులోని తేటదనాన్ని, చూసేవారి సంఖ్యను బట్టి జనం తేల్చుకుంటున్నారు. మా దృష్టిలో ఇవేవీ చాలవు. తమ మాటను తమ ప్రమేయం లేకుండా సరిచూసుకునే వీలును ప్రచారకులు ప్రేక్షకులకు ఎంతవరకు కల్పిస్తున్నారన్నదే ముందుగా చూడాలి.

చూసేవారి సంఖ్య గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. 2006 నుంచి 2017 వరకు ట్విటర్‌లో వ్యాపించిన సుమారు 1,26,000 వార్తాంశాలను పరిశీలించి, మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ పరిశోధకులు 2018లో ‘సైన్స్’ పత్రికలో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, నిజమైన వార్త కంటే అబద్ధపు వార్తను జనం ఇతరులకు పంపే అవకాశం 70 శాతం ఎక్కువ. ఎక్కువమంది చూశారన్నది ఆ వీడియో ఎంత ఆకర్షణీయంగా ఉందో చెబుతుందే తప్ప ఎంత నిజమో చెప్పదు.

చదువు సంగతి అంత తేలిగ్గా తీసివేయదగ్గది కాదు. టీకాల గురించి మాట్లాడేటప్పుడు రోగనిరోధక శాస్త్రంలో ఏళ్ల తరబడి పనిచేసినవారి మాటకు అదనపు బరువు ఉండి తీరాలి. చిక్కల్లా ఆ బరువును వారు తమవి కాని రంగాలకు కూడా మోసుకుపోయినప్పుడే వస్తోంది. రసాయన శాస్త్రంలో 1954 నోబెల్‌ను, ఆ తర్వాత 1962 శాంతి బహుమతిని అందుకున్న లైనస్ పాలింగ్, విటమిన్ సి భారీ మోతాదులు జలుబును అడ్డుకుంటాయని 1970లో ఒక పుస్తకమే రాశారు. ఆ తర్వాతి దశాబ్దాల్లో జరిగిన పరీక్షలను కలిపి చూస్తే, సాధారణ జనంలో ఆ విటమిన్ జలుబు రాకుండా ఆపలేదని, రోజూ తీసుకునేవారిలో జలుబు ఉండే కాలాన్ని మాత్రం కొద్దిగా తగ్గించిందని తేలింది. డీఎన్‌ఏ నకళ్లను వేగంగా తయారుచేసే పీసీఆర్ పద్ధతిని కనిపెట్టి 1993లో నోబెల్ పొందిన కేరీ మల్లిస్, ఎయిడ్స్‌కు హెచ్‌ఐవీ కారణమన్న స్థిరపడిన నిర్ధారణనే ఒప్పుకోలేదు. ఈ ఇద్దరి మాటలూ వ్యాపించింది యూట్యూబ్ పుట్టకముందే. నేడు ఆ స్థాయి ప్రతిష్ఠ కూడా అక్కర్లేదు, తెల్లకోటు ఒకటి చాలు. పేరుకు ముందు ‘డాక్టర్’ అని కనిపించినప్పుడు అది వైద్యంలోనా, ఇంజినీరింగ్‌లోనా, చరిత్రలోనా అని ఆరా తీసే ప్రేక్షకులు అరుదు.

అన్నిటికంటే తేలిగ్గా మోసపోయేది తేటదనం దగ్గరే. ‘వెరిటాసియం’ అనే యూట్యూబ్ విజ్ఞాన చానల్‌తో ప్రపంచ ప్రసిద్ధుడైన డెరెక్ ముల్లర్, ఆ చానల్ పెట్టకముందు, భౌతికశాస్త్ర బోధనకు వీడియోలు ఎలా ఉండాలన్న అంశంపై సిడ్నీ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసి 2008లో సిద్ధాంత వ్యాసం సమర్పించారు. విషయాన్ని సూటిగా, చక్కగా వివరించిన వీడియో చూసిన విద్యార్థులు అది ఎంతో స్పష్టంగా ఉందన్నారు, కానీ పరీక్షలో వారి మార్కులు పెద్దగా పెరగలేదు. ఆ విషయంపై జనంలో ఉండే దురభిప్రాయాలను ముందు పలికించి, అవి ఎందుకు తప్పో చర్చించిన వీడియో చూసినవారు తికమకగా ఉందన్నారు, మార్కులు మాత్రం వారికే మెరుగుపడ్డాయి. హాయిగా సాగిన వివరణ మన పాత అభిప్రాయాలను తాకకుండానే ‘నాకు అర్థమైంది’ అన్న తృప్తిని మిగిల్చిపోగలదన్నమాట. కాబట్టి ఒక వీడియో చూశాక సందేహమన్నదే మిగలకపోతే, అది వివరణ గొప్పదనమా లేక విషయంలోని చిక్కుముడులను పక్కకు నెట్టిన ఫలితమా అని ఆగి ఆలోచించవలసిందే.

చిక్కుముడులను పక్కకు నెట్టడం అంకెల విషయంలో మరీ ఎక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015 అక్టోబరులో ప్రాసెస్ చేసిన మాంసాన్ని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. రోజుకు 50 గ్రాముల చొప్పున తింటే పెద్దపేగు, మలాశయ క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందని అంచనా వేసింది. పొగాకు కూడా అదే వర్గంలో ఉండటంతో రెండూ సమానంగా ప్రాణాంతకమన్న ప్రచారం సాగిపోయింది. వాస్తవానికి ఆ వర్గీకరణ ఒక పదార్థం క్యాన్సర్ కలిగించగలదనడానికి సాక్ష్యం ఎంత బలంగా ఉందో చెబుతుందే కానీ, ఎంతమందికి కలిగిస్తుందో చెప్పదు. ఇక ఆ 18 శాతం సాపేక్షమైన పెరుగుదల. జీవితకాలంలో 100 మందిలో 5 మందికి వచ్చే వ్యాధి ముప్పు 18 శాతం పెరిగితే బాధితుల సంఖ్య దాదాపు 6 అవుతుంది. అదే పెరుగుదలను ‘నూటికి ఒకరు అదనంగా’ అని చెప్పినవారిని, ‘18 శాతం’ అని బెదిరించినవారిని పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరి ఉద్దేశం ఏమిటో తెలిసిపోతుంది. ఇద్దరూ అబద్ధం ఆడలేదు, కానీ నమ్మదగినవారు మొదటివారే.

‘జర్నల్‌లో అచ్చయింది’ అన్న మాటనూ ఇలాగే తరచి చూడాలి. పాత్రికేయుడు జాన్ బొహానన్ బృందం జర్మనీలో 15 మందిపై కావాలనే నాసిరకంగా ఒక అధ్యయనం నడిపి, చాక్లెట్ తింటే బరువు త్వరగా తగ్గుతుందన్న ఫలితాన్ని 2015లో ఒక జర్నల్‌లో ప్రచురింపజేసింది. అనేక దేశాల పత్రికలు, టీవీలు దాన్ని నమ్మి ప్రసారం చేశాక బొహానన్ అసలు సంగతి బయటపెట్టారు. అందులోని కిటుకు చిన్నదే. 18 రకాల కొలతలు తీసుకుంటే, అవి ఒకదానిపై ఒకటి ఆధారపడనివైతే, కాకతాళీయంగా వచ్చే తప్పును 5 శాతం వరకు అనుమతించే పరీక్షలో కనీసం ఒకటైనా కాకతాళీయంగా ‘ఫలితం’లా కనిపించే అవకాశం దాదాపు 60 శాతం. ఎంతమందిపై చేశారు, ఎన్ని కొలతల్లోంచి ఈ ఒక్కటి ఎంచుకున్నారు, వేరెవరైనా చేసి చూశారా అన్న ప్రశ్నలు వేయని ప్రచారకులు ఇలాంటి వలలో పడక మానరు. పేరున్న జర్నల్ అయినా పూచీ లేదు. కొవిడ్ చికిత్సకు వాడి చూసిన మలేరియా మందు హైడ్రాక్సీక్లోరోక్విన్‌పై 2020 మే 22న ‘లాన్సెట్’ ప్రచురించిన అధ్యయనాన్ని, దాని వెనుక ఉన్న సమాచారాన్ని సరిచూసే వీలు లేకపోవడంతో, జూన్ 4న ఉపసంహరించవలసి వచ్చింది.

మరి ప్రేక్షకులు చేయగలిగిందేమిటి? స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన శామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ 10 మంది చరిత్రకారులను, 10 మంది నిజ నిర్ధారకులను, 25 మంది విద్యార్థులను కూర్చోబెట్టి వెబ్‌సైట్ల విశ్వసనీయతను అంచనా వేయమన్నారు. చరిత్రకారులు, విద్యార్థులు అదే పేజీలో ఉండిపోయి దాని హంగులు చూసి తరచూ మోసపోతే, నిజ నిర్ధారకులు త్వరగా ఆ పేజీ వదిలి, దాని గురించి ఇతరులు ఏమంటున్నారో వెతికారు. వీడియోలకూ ఇదే వర్తిస్తుంది. ఒక చానల్ నమ్మదగినదా అన్నది ఆ చానల్‌ను ఇంకా చూస్తూ కూర్చుంటే తేలేది కాదు.

దీనికి తోడు మేం మరొక పరీక్ష సూచిస్తున్నాం. నిజం నిలకడ మీద తెలుస్తుందంటారు కనుక, ఇప్పటికే తేలిపోయిన వివాదం ఒకటి తీసుకుని, అది తేలకముందు ఆ ప్రచారకులు ఏం చెప్పారో వారి పాత వీడియోల్లో చూడాలి. గది ఉష్ణోగ్రత వద్దనే పనిచేసే అతివాహకాన్ని (నిరోధమే లేకుండా విద్యుత్తును ప్రవహింపజేసే పదార్థాన్ని) కనుగొన్నామంటూ దక్షిణ కొరియా పరిశోధకులు 2023 జులైలో ఎల్‌కే-99 అనే పదార్థం గురించి తోటివారి సమీక్షకు ముందే పత్రాలు విడుదల చేయగానే ఇంటర్నెట్ ఊగిపోయింది. ఆగస్టులోనే ఇతర ప్రయోగశాలలు అది అతివాహకం కాదని, విద్యుత్ నిరోధం ఒక్కసారిగా పడిపోవడానికి రాగి సల్ఫైడ్ మలినం కారణమని తేల్చాయి. జులై చివరి వారంలో ‘విద్యుత్ రంగంలో విప్లవం వచ్చేసింది’ అన్నదెవరు, ‘ఇతరులు చేసి చూసేదాకా ఆగుదాం’ అన్నదెవరు, పొంగిపోయినవారిలో ఆగస్టులో తిరిగివచ్చి ఆ సంగతి చెప్పిందెవరు అన్నది ఇప్పటికీ చూడవచ్చు. తొందరపడటం క్షమించదగ్గ లోపమే. తొందరపడి ఆ వీడియోను చడీచప్పుడు లేకుండా తొలగించినవారి తర్వాతి మాటలకు మాత్రం ఎవరూ విలువ ఇవ్వనక్కర్లేదు.

డబ్బు విషయంలో మా అభిప్రాయం సూటిగా చెబుతున్నాం. విజ్ఞాన ప్రచారం కూడా ఖర్చుతో కూడిన పనే కాబట్టి ప్రాయోజకులు ఉండటంలో తప్పు లేదు, ఆ సంగతి వీడియో మొదట్లోనే చెబితే చాలు. కానీ జబ్బును వర్ణించినవారే అదే వీడియోలో దానికి మందో, పొడులో, మాత్రలో అమ్ముతుంటే, అది వ్యాపార ప్రకటన అనుకుని చూడటమే మంచిది.

అసలు బాధ్యతంతా ప్రేక్షకుల మీదే మోపడం న్యాయం కాదు. రోజంతా పనిచేసి అలసి వచ్చినవారు ప్రతి వీడియోకూ పరిశోధన పత్రాలు తిరగేయాలనడం ఆచరణలో సాగదు. ఎవరినీ నమ్మొద్దన్న సలహా మరింత ప్రమాదకరం. అలా అన్నిటినీ అనుమానించేవారికి చివరకు తమకు నచ్చిన అబద్ధమే మిగులుతుంది. జర్నళ్లు ఒక పత్రాన్ని ఉపసంహరిస్తే ఆ సంగతిని ఆ పత్రానికే జతచేసి అందరికీ కనిపించేలా ఉంచుతాయి. వీడియోల్లో దొర్లిన తప్పుకు సవరణ, చేసినా, కింద వివరణలో ఏ మూలనో పడి ఉంటోంది. లక్షల మంది చూసిన వీడియో కింద రాసిన ఆ రెండు వాక్యాలను చదివేవారెందరు? ఏ వీడియోను ఎవరు ఎంతసేపు చూశారో యూట్యూబ్ వంటి వేదికల దగ్గర లెక్క ఉంది, ఆ లెక్కతోనే ఎవరికి ఏ ప్రకటన చూపాలో అవి నిర్ణయిస్తున్నాయి. ప్రకటనను చేర్చగలిగిన వేదికలకు, సవరణను కూడా తప్పు వీడియో చూసిన ప్రతి ఒక్కరి తెరపైకి చేర్చడం కష్టమేమీ కాదు. ఆ ఏర్పాటును వేదికలు వెంటనే చేయాలి. తమ మాటపై నమ్మకమున్న ప్రచారకులు దాన్ని అందరికంటే ముందు డిమాండ్ చేయాలి.