సవరణ: అయిదు దశల మాట, ఫోలిక్ ఆమ్లం మాట

పుట్టుకతో లోపాలున్న బిడ్డల తల్లిదండ్రుల గురించి రాసిన గత వ్యాసంలో, వారి దుఃఖం అయిదు దశల్లో (నిరాకరణ, కోపం, బేరమాడటం, కుంగుబాటు, అంగీకారం) వరుసగా సాగి అంగీకారంతో ముగుస్తుందన్నాను. అది తప్పు. 1969లో మనోవైద్యురాలు ఎలిజబెత్ కూబ్లర్-రాస్ ఆ దశలను చెప్పింది మరణం అంచున ఉన్న రోగుల గురించి; బిడ్డను ఒళ్లో పెట్టుకున్న తల్లి గురించి కాదు. ఇక్కడ అతికేది 1962లో సైమన్ ఓల్షాన్‌స్కీ, మేధో వైకల్యం ఉన్న పిల్లల తల్లిదండ్రులను చూసి వాడిన మాట: దీర్ఘకాలిక దుఃఖం. అది రోగం కాదు, సహజ స్పందన అన్నాడాయన. ఏడాదిపాటు అంతా సర్దుకున్నట్లే ఉంటుంది. అదే ఈడు పిల్ల తప్పటడుగులు వేయడం చూసిన రోజు మళ్లీ గొంతు పూడుకుపోతుంది. దాన్ని నేను ‘వెనక్కి జారడం’ అన్నాను. ఆ మాటా ఉపసంహరించుకుంటున్నాను.

మరొకటి. గర్భం వచ్చిన మొదటి మూడు నెలల్లో ఫోలిక్ ఆమ్లం (ఒక బి విటమిన్) మాత్రలు వేసుకుంటే బిడ్డకు వెన్నెముక లోపాలు రావని రాశాను. అదీ తప్పే. పిండంలో మెదడు, వెన్నుపాముగా మారే నాడీనాళం సరిగ్గా మూసుకోకపోతే ఆ లోపాలు వస్తాయి; అది ఫలదీకరణ జరిగిన దాదాపు 28 రోజులకే మూసుకుంటుంది. అప్పటికి చాలామందికి గర్భమన్న సంగతే తెలియదు. ముందునుంచి వేసుకున్నా ముప్పు తగ్గుతుందే తప్ప పూర్తిగా పోదు. నా వాక్యం చదివి పాత మందుల చీటీలు తిరగేసిన తల్లి ఎవరైనా ఉంటే, క్షమించాలి. ‘మాత్రలు సరిగ్గా వేసుకున్నావా?’ అని ఆరా తీసే బంధువులకు నేనే ఆయుధం అందించాను.