రైలెక్కిన మాతృత్వం

ఖాళీ సీసాలను సైతం తెల్లవి, గోధుమవి, ఆకుపచ్చవి అని వేరుచేసి పారేసే జర్మనీ దేశం, 1991 జనవరి 1న అమలులోకి వచ్చిన పిండ సంరక్షణ చట్టంతో బీజకణాలను కూడా అంతే శ్రద్ధగా వేరుచేసింది. వీర్యదానానికి అడ్డులేదు, ఒక స్త్రీ అండాన్ని మరో స్త్రీ గర్భం కోసం వాడిన వైద్యుడికి మాత్రం జరిమానా, లేదా మూడేళ్ల వరకు జైలు. అండమిచ్చిన తల్లి ఒకరు, మోసి కన్న తల్లి మరొకరు అయితే మాతృత్వం చీలిపోయి బిడ్డ నలిగిపోతుందని శాసనకర్తల బెంగ. తండ్రి చీలితే ఫరవాలేదు కాబోలు, పితృత్వం గట్టి సరుకు.

ఈ బెంగ ద్వాపరంలోనే పుట్టి ఉంటే, దేవకి ఏడో గర్భాన్ని మధుర చెరసాల నుంచి గోకులంలోని రోహిణి కడుపులోకి చేర్చిన యోగమాయకు మూడేళ్లూ, పురమాయించిన విష్ణుమూర్తికి మరో మూడేళ్లూ పడి ఉండేవి. బలరాముడు మాత్రం ఏ మనోవేదనా లేకుండా నాగలి భుజాన వేసుకొని తిరిగాడు.

అయితే ఈ చట్టం దయలేనిది కాదు. అండం పుచ్చుకున్న స్త్రీని శిక్షించదు. అందుచేత మ్యూనిక్‌లోని నలభై అయిదేళ్ల ఇల్లాలు, గర్భాశయపు పొర ఎన్ని మిల్లీమీటర్లుందో రాసిన కాగితాన్నీ, గర్భం నిలపడానికి వాడే ప్రొజెస్టెరాన్ మాత్రలనూ చేతిసంచిలో పెట్టుకొని, భర్తతో సహా ఆరు గంటల రైలు ప్రయాణం చేసి, అండదానానికి అడ్డులేని చెక్ దేశపు రాజధాని ప్రాగ్ చేరుతుంది. తిరుగుదారిలో సరిహద్దు పోలీసు ఇద్దరి పాస్‌పోర్టులూ అడిగినా, కంటికానని మూడో ప్రయాణికుడి ఊసెత్తడు. ఇక ప్రసవమయ్యాక జర్మనీ పౌరస్మృతిలోని 1591వ సెక్షన్, బిడ్డను కన్న స్త్రీయే తల్లి అని ఒక్క వాక్యంతో ఆ చీలికను కుట్టేస్తుంది. కుట్టు ఇంత సులువైనప్పుడు చీలిక భయం ఎందుకని అడగడం మర్యాద కాదు.

చెక్ చట్టం ప్రకారం అండం పుచ్చుకునే స్త్రీకి 49 ఏళ్లు దాటకూడదు. దాటినవారికి గ్రీసు ఉంది. అక్కడ 2022లో హద్దును 54కు పెంచారు. అదీ దాటితే? 65 ఏళ్ల బెర్లిన్ ఉపాధ్యాయురాలు ఒకరు, అప్పటికే పదమూడుగురు బిడ్డల తల్లి, ఉక్రెయిన్‌లో చికిత్స చేయించుకొని 2015లో ఒకే కాన్పులో నలుగురిని కన్నారు. నిషేధం ఇంట్లో, వయోపరిమితి పొరుగింట్లో, మినహాయింపు ఆ పై వీధిలో ఉంటాయి. దారిఖర్చులు ఎవరివి వారివే.

సూదుల మీద సూదులు పొడిపించుకొని అండాలిచ్చిన చెక్ యువతికి దక్కేది ధర కాదు, పరిహారం. ఆమె పేరు గోప్యం. తన పుట్టుక తెలుసుకునే హక్కు ప్రతి బిడ్డకూ ఉందని జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం 1989లోనే గుర్తించింది. అందుకే 2018లో వీర్యదాతల కోసం రిజిస్టరు తెరిచి, ఆ వివరాలను 110 ఏళ్లు భద్రపరుస్తున్నారు. ప్రాగ్ రైలులో వచ్చిన బిడ్డ పెద్దదై ఆ కార్యాలయం గుమ్మం తొక్కితే, గుమాస్తా ఎంతో వినయంగా రిజిస్టరు తిరగేసి, ఇది తండ్రుల పుస్తకమమ్మా అని చెబుతాడు.