ప్యాచ్ వచ్చినా పాత కంప్యూటర్‌కి చేరదు

ఫాంట్ ఫైలు వల్ల కంప్యూటర్ పరాయివాళ్ల చేతిలోకి పోతుందంటే చాలామందికి నమ్మబుద్ధి కాదు. ట్రూటైప్ ఫాంట్‌లో అక్షరాల గీతలే కాదు, చిన్న సైజులో అవి చెదరకుండా సర్దే బుల్లి ప్రోగ్రాములు కూడా ఉంటాయి. వాటిని నడిపే పని ఆపరేటింగ్ సిస్టమ్‌ది. 1996లో వచ్చిన విండోస్ ఎన్‌టీ 4.0 వేగం కోసం గ్రాఫిక్స్ పనిని కెర్నెల్‌లోకి, అంటే అన్ని అధికారాలూ ఉండే సిస్టమ్ గుండెకాయలోకి చేర్చింది. అక్కడ ఒక్క లెక్క తప్పినా దాడి చేసేవాడికి మొత్తం సిస్టమ్ మీద పట్టు దొరుకుతుంది. 2011లో డ్యూకూ వైరస్ వర్డ్ ఫైలులో దాచిన ఫాంట్ ద్వారా చేసింది అదే.

2020 సంగతి మనకు ఇంకా దగ్గరిది. మార్చి 23న మైక్రోసాఫ్ట్ ఒక హెచ్చరిక ఇచ్చింది. విండోస్‌లో ఫాంట్ల పని చూసే అడోబీ టైప్ మేనేజర్ లైబ్రరీలో రెండు లోపాలున్నాయి, విండోస్ 7 మీద ఇప్పటికే దాడులు జరుగుతున్నాయి, ఫైలు తెరవకుండా ప్రివ్యూలో చూసినా చాలు అని. లోపాన్ని సరిచేసే అప్‌డేట్, అదే ప్యాచ్, ఏప్రిల్ 14న వచ్చింది. కానీ విండోస్ 7కి ఉచిత సపోర్ట్ జనవరి 14నే ముగిసింది కాబట్టి, డబ్బు కట్టి గడువు పొడిగించుకున్నవాళ్లకే అది అందింది. దాడులు జరిగింది ఏ సిస్టమ్ మీదో, ప్యాచ్ అందనిది కూడా ఎక్కువగా ఆ సిస్టమ్‌కే!

ఇప్పుడు హైదరాబాద్‌లో చిక్కడపల్లి, ఛత్తా బజార్ వైపు పాత కంప్యూటర్లతో నడిచే ఒక డీటీపీ (కంప్యూటర్‌లో పేజీలు కూర్చే) సెంటర్‌కి వెళ్లండి. పెళ్లి కార్డు కోసం వచ్చినాయన పెన్‌డ్రైవ్ ఇస్తాడు. అందులో పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌లో చేసిన ఫైలు, పక్కనే ఫాంట్ల ఫోల్డర్. "అన్నా, ఈ ఫాంట్ మీ దగ్గర లేకుంటే ఇందులది వేస్కో." ఆపరేటర్ మారుమాట లేకుండా ఇన్‌స్టాల్ కొట్టేస్తాడు. అతని లాగిన్‌కి అడ్మిన్ హక్కులు, అంటే కంప్యూటర్‌లో ఏదైనా మార్చే అధికారం ఉంటుంది. ఉండక తప్పదు, లేకపోతే రోజంతా ఓనర్‌ని పిలుస్తూ కూర్చోవాలి.

అతన్ని తప్పుపట్టి లాభం లేదు. 2001లో వచ్చిన పేజ్‌మేకర్ 7కి యూనికోడ్ తెలుగు, అంటే ప్రతి అక్షరానికీ అన్ని కంప్యూటర్లలో ఒకే నంబరు ఉండే పద్ధతి రాదు. పాత పద్ధతి ఫాంట్లలో ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ఆకారాలు కూర్చి ఉంటాయి. ఆ ఫాంట్ లేకపోతే శుభలేఖ కాస్తా అర్థంకాని గుర్తుల వరస అయిపోతుంది. అందుకే ఫైలు ఎక్కడికెళ్తే ఫాంట్ అక్కడికి వెళ్లాలి. యూనికోడ్‌లో ఈ గొడవ లేదు. ఫాంట్ మారితే అందం మారుతుందేమో గానీ మాట మారదు. ఎవరో ఇచ్చిన ఫాంట్ వేసుకోక తప్పని పరిస్థితి మనకు పాత ఎన్‌కోడింగ్ తెచ్చిపెట్టింది. భద్రత కోణంలో దీని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ.

యూనికోడ్‌కి మారితే లోపాలు మాయమవుతాయని కాదు. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అనే అక్షరం మెసేజ్‌లో వస్తే చాలు, ఐఫోన్ యాప్‌లు కుప్పకూలాయి. ఆపిల్ ఐఓఎస్ 11.2.6తో సరిచేసింది. 2025 మేలో ఆండ్రాయిడ్ కూడా ఫాంట్లను చదివే ఫ్రీటైప్ లైబ్రరీలోని లోపానికి ప్యాచ్ ఇవ్వాల్సి వచ్చింది. తేడా ఏమిటంటే, సపోర్ట్ ఉన్న సిస్టమ్‌కి మందు చేరుతుంది.

కంపెనీలూ ఒక్కో రంధ్రం పూడ్చడం దగ్గరే ఆగలేదు. విండోస్ 10 ఫాంట్లు చదివే పనిని కెర్నెల్ నుంచి తీసి, పెద్దగా అధికారాలు లేని ప్రాసెస్‌కి అప్పగించింది. క్రోమ్ ఫ్రీటైప్‌ని పక్కనపెట్టి, మెమరీ తప్పులు తేలిగ్గా దొర్లనివ్వని రస్ట్ భాషలో రాసిన స్క్రిఫా లైబ్రరీని వెబ్ ఫాంట్లకు వాడుతోంది. నా దృష్టిలో అసలు మరమ్మతు ఇదే.

మన వైపు జరగాల్సిన మార్పు, ఆర్డర్లు ఇచ్చేవాళ్ల చేతిలో ఉంది. ప్రభుత్వ శాఖలు, ప్రచురణ సంస్థలు యూనికోడ్ ఫైళ్లే తీసుకుంటామంటే షాపులు యూనికోడ్ తెలుగు వచ్చిన ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌కి మారక తప్పదు. మండలి, రామభద్ర లాంటి ఉచిత ఫాంట్లు ఉండనే ఉన్నాయి. కొత్త సిస్టమ్ ఖర్చు చిన్న షాపుకి భారమే. అంతవరకూ పాత కంప్యూటర్‌కి నెట్ కనెక్షన్ తీసేయాలి, ప్రివ్యూ పేన్ మూసేయాలి. పెన్‌డ్రైవ్‌లో వచ్చిన ఫాంట్‌ని మాత్రం అందులో వేయకూడదు.