మొలక శాతానికి అందని వేడి

విత్తన సంచి మీద మొలక శాతం అచ్చు వేసి ఉంటుంది కానీ, తల్లి మొక్క ఎంత వేడిలో గింజ కట్టిందో ఎక్కడా ఉండదు. పెరుగుతున్న ఉష్ణోగ్రతలు దిగుబడిని ఎంత తగ్గిస్తాయన్న దానిపై జరిగినంత చర్చ, విత్తన సత్తువ, అంటే ప్రతికూల నేలలోనూ గింజ బలంగా మొలిచే శక్తి, గురించి జరగడం లేదు.

పూత తర్వాత ఎండలు ముదిరితే గింజ నిండే రోజులు తగ్గిపోతాయి. పిండిపదార్థం చేరే వేగం కొంత పెరిగినా ఆ లోటు తీరదు. బరువు తగ్గడం కంటికి కనిపించే నష్టం. కనిపించనిది ఆ తర్వాత జరుగుతుంది. చాలా పంటల్లో గింజ పూర్తి బరువుకు వచ్చాక, తేమ కోల్పోతున్న చివరి రోజుల్లో కూడా, ఎండినా కణాలు చెడకుండా కాపాడే ప్రోటీన్లు, రాఫినోజ్ వంటి చక్కెరలు పోగవుతూ, నిల్వ ఆయుష్షు పెరుగుతూ ఉంటుంది. తొందరపడి పండిన గింజకు ఆ గడువు దక్కదు. సోయాచిక్కుడులో వేడికి బెట్ట తోడైతే కొన్ని గింజలు పచ్చదనం పోకుండానే ఎండిపోతాయి, వాటి సత్తువ తక్కువ.

ఈ లోపం మొలక పరీక్షకు సులభంగా చిక్కదు, ఎందుకంటే ఆ పరీక్ష గింజకు అన్నీ అనుకూలంగా అమర్చి పెడుతుంది. సత్తువను తెలుసుకోవడానికి వేరే పరీక్ష కావాలి. బఠాణీ విషయంలో 50 గింజలను 250 మిల్లీలీటర్ల శుద్ధజలంలో 20 డిగ్రీల సెల్సియస్ వద్ద 24 గంటలు నానబెట్టి, ఆ నీటి విద్యుత్ వాహకతను కొలుస్తారు. కణపొరలు దెబ్బతిన్న గింజల నుంచి లవణాలు, చక్కెరలు కారి వాహకత పెరుగుతుంది. తడి కాగితంలో సమానంగా మొలిచిన రెండు లాట్ల (విత్తన రాశుల) మధ్య తేడా ఇక్కడ బయటపడుతుంది. చల్లని, తడి నేలలో ఆ కారిన చక్కెరలే కుళ్లు తెగుళ్లను పిలుస్తాయి.

మొక్కలు తరాల మీద వేడికి అలవాటు పడతాయన్న వాదన ఉంది. అది పూర్తిగా కొట్టివేయదగినది కాదు. నార్వే స్ప్రూస్ అనే శీతల ప్రాంతపు చెట్టులో వెచ్చని వాతావరణంలో పిండం ఏర్పడిన విత్తనాల నుంచి వచ్చిన మొక్కలు ఏళ్ల తరబడి చలికాలపు మొగ్గలను ఆలస్యంగా కడతాయి. పరిశోధనల్లో ఎక్కువగా వాడే చిన్న మొక్క అరబిడాప్సిస్‌లో తల్లి మొక్క చల్లదనంలో పెరిగితే విత్తనంలో డీఓజీ1 అనే జన్యువు ఎక్కువగా పనిచేసి నిద్రావస్థ (అనుకూలత ఉన్నా మొలవకుండా ఉండే స్థితి) గాఢమవుతుంది, వెచ్చదనంలో పలచబడుతుంది. అయితే నిద్రావస్థ తగ్గి త్వరగా మొలవడాన్ని సత్తువగా భ్రమించకూడదు. తల్లి చూసిన వాతావరణపు జ్ఞాపకం వేరు, గింజలోని ఆహార నిల్వ వేరు: తల్లి ఇవ్వలేకపోయిన ఆహారాన్ని ఏ జ్ఞాపకమూ గింజలో నింపదు.

అసలు చిక్కు వరుస తరాలది. తల్లి మొక్క వల్ల వచ్చిన లోపం చాలావరకు ఆ ఒక్క తరానిదే, మరుసటి తరం అనుకూల వాతావరణంలో గింజ కడితే సర్దుకునే అవకాశం ఉంది. కానీ విత్తనోత్పత్తిలో తొలి మెట్టైన బ్రీడర్ విత్తనం నుంచి ఫౌండేషన్, దాని నుంచి రైతుకు చేరే సర్టిఫైడ్ విత్తనం తీసే క్రమంలో ప్రతి ఏడూ వేడిగానే ఉంటే ఆ ఊరట తరం రాదు. గింజ నిండే రోజుల ఉష్ణోగ్రతను ప్రతి లాటుతో పాటు నమోదు చేయడం పెద్ద ఖర్చు కాదు. విత్తనోత్పత్తిని చల్లని ఎత్తు ప్రాంతాలకు మార్చడం, విత్తే తేదీని జరపడం అంత సులువు కాదు. మొదటిది చేస్తే తప్ప రెండోది ఏ పంటకు, ఎక్కడ అవసరమో తేలదు.