రికార్డు తేదీ నాడు కొంటే డివిడెండ్ రాదు

డివిడెండ్ అంటే కంపెనీ తన లాభంలోంచి వాటాదారులకు పంచే డబ్బు; రికార్డు తేదీ నాటికి ఎవరి పేరిట షేర్లుంటే వాళ్లకే అది. షేర్ల మీద వచ్చిన ఒక వ్యాసంలో "రికార్డు తేదీ నాడు షేరు కొన్నా డివిడెండ్ వస్తుంది" అని రాశారు. రాదు. ఇవాళ కొన్న షేరు మన షేర్లుండే ఖాతా అయిన డీమ్యాట్‌లో పడేది మరుసటి పనిదినాన. రికార్డు తేదీ శుక్రవారమైతే గురువారం మార్కెట్ మూసేలోపే కొనాలి. అసలు డివిడెండ్ కోసమే ఎగబడి కొనడం దండగ. షేరుకు 10 రూపాయలు ఇస్తుంటే రికార్డు తేదీ పొద్దున ధర దాదాపు అంతే తగ్గి మొదలవుతుంది, పైగా పన్ను. ఒక కంపెనీ నుంచి ఏడాదికి 10,000 దాటితే 10 శాతం టీడీఎస్ (ముందే పట్టుకునే పన్ను) కోస్తారు (2025 మార్చి దాకా ఆ హద్దు 5,000), పాన్ లేకుంటే 20.

అదే వ్యాసంలో బోనస్ షేర్లను (ఉన్న షేర్ల లెక్కన కంపెనీ అదనంగా ఇచ్చేవి) "ఉచితం" అన్నారు. వరంగల్ ఏనుమాముల మార్కెట్లో ఒక మిర్చి బస్తాను రెండు సంచుల్లో పోస్తే తూకం పెరుగుతదా? ఇదీ గంతే. 1:1 బోనస్‌తో 100 షేర్లు 200 అవుతాయి, 800 ధర 400 దగ్గరికి దిగుతుంది. అమ్మేటప్పుడు పన్ను కోసం బోనస్ షేరు కొనుగోలు ధర సున్నా కింద లెక్క.

తండ్రి పేరిట ఉన్న కాగితం షేర్లకు డివిడెండ్ ఆగిపోయిందని హన్మకొండ నుంచి ఒకాయన ఆ వ్యాసం కింద అడిగారు. 2024 ఏప్రిల్ నుంచి అలాంటి కాగితం షేర్లకు డివిడెండ్ బ్యాంకు ఖాతాలోకే వేస్తారు, అదీ కేవైసీ (పాన్, బ్యాంకు వంటి వివరాల నమోదు) పూర్తయితేనే. తండ్రిగారు ఉంటే ఆయన సంతకంతో ఐఎస్ఆర్-1 ఫారం, పాన్ నకలు, పేరు అచ్చయిన క్యాన్సిల్ చెక్కు ఆ కంపెనీ షేర్ల లెక్కలు చూసే రిజిస్ట్రార్‌కు పంపండి. లేకుంటే ముందు వారసుల పేరిట షేర్ల బదిలీ జరగాలి. ఆలస్యం మాత్రం చేయకండి: వరుసగా 7 ఏళ్లు డివిడెండ్ తీసుకోకపోతే ఆ డబ్బుతోపాటు షేర్లూ ప్రభుత్వ నిధి అయిన ఐఈపీఎఫ్‌కు పోతాయి. అప్పుడు వాటిని తిరిగి పొందడానికి ఐఈపీఎఫ్-5 దరఖాస్తు పెట్టుకుని తిరగాలి.